మెతుకులతో అంటించిన పేజీ

సోమవారం ఉదయం ఎనిమిదయ్యేసరికే బడి గేటు ముందు అమ్మల వరుస రోడ్డు దాకా పాకింది. పిల్లలు ఒక్కరూ లేరు. అంటురోగం భయానికి పదిహేనేళ్ళ లోపు వాళ్ళు ఇల్లు కదలకూడదని రూలు. పదకొండు నెలలుగా ఆ బడికి అమ్మలే వచ్చిపోతున్నారు. పోయిన వారం పుస్తకాలూ, పిల్లలు రాసిన జవాబు కాగితాలూ ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చివ్వడం, ఈ వారానివి పట్టుకెళ్ళడం, ఇదీ చదువు.

అయిదో తరగతి బల్ల వెనక పెర్లిటా కూర్చుని ఉంది. మూతికి మాస్కు, దాని మీద ముఖమంతా కప్పే ప్లాస్టిక్ అద్దం. ఊపిరికి అద్దం మసకబారితే ఎదుట ఉన్నది ఎవరో గొంతును బట్టి పోల్చుకోవడమే. యాభై రెండేళ్ళొచ్చాయి, నడుం మాట వినడం మానేసి చాలా రోజులైంది. కవరు తీసుకోవడం, మందు చల్లడం, పేరుకి ఎదురుగా టిక్కు పెట్టడం, కొత్త కట్ట ఇవ్వడం. నలభై మూడు మంది పిల్లలు, నలభై మూడు కవర్లు.

"ఈ వారం లెక్కలు మరీ చంపేశాయి మేడమ్!" వార్డు మెంబరు భార్య మిసెస్ అబియెరా వంగి కవరు అందించింది. "మాకు రెండు రోజులు పట్టిందంటే నమ్మండి. అదే, మా క్లారిస్సాకి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పెర్లిటా నవ్వలేదు, కోప్పడనూ లేదు. ఆ ఓపిక కూడా ఉండాలి కదా మనిషికి.

ఆ తర్వాత వచ్చింది నిల్దా, ఆర్జెలిన్ తల్లి. సముద్రంలో తాళ్ళకి నాచు కట్టి, పెంచి అమ్ముకునేవాళ్ళు వాళ్ళు. చేతులు ఉప్పునీటికి నాని, వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. కవరు ఇచ్చి పక్కకి తప్పుకోకుండా అక్కడే నిలబడింది.

"మీ లెక్కల పుణ్యమా అని మా తాడంతా చిక్కులు పడింది మేడమ్. చుట్టడం, విప్పడం, కొలవడం. వారమంతా అదే పని."

"మంచిదేగా, చదువుకుంటోంది," అంది పెర్లిటా, కొత్త కట్ట వెతుకుతూ.

"మంచిదో చెడ్డదో మరి, ఇక చదవనంటోంది. బడి పుస్తకంలోంచి పేరు తీసెయ్యమని మేడమ్‌ని అడుగు అని నా ప్రాణం తోడేస్తోంది. నాచు కట్టుకుంటానంటుంది. నేను తిట్టాను, బతిమాలాను, వినదే! మీరేమంటారు?"

అనడానికి చాలా ఉంది. కానీ వరుస వెనక ఇంకా ఇరవై మంది ఉన్నారు, ఎండ బల్ల మీదికి వచ్చేసింది, రోడ్డవతల ఇంట్లో ఎవరి చంటిదో గుక్క పెట్టి ఏడుస్తోంది.

"గురువారం దాని కాగితాలు చూసి చెప్తానమ్మా. తొందరపడకండి," అంది పెర్లిటా.

నిల్దా తలాడించి వెళ్ళిపోయింది. ఆమె కవరు మీద పెర్లిటా రెండుసార్లు మందు చల్లింది, ఒకసారి చల్లిన సంగతి మరిచిపోయి.

తెచ్చిన కవర్లు మూడు రోజులు ఖాళీ గదిలో నిద్రపోవాలి. ఆ తర్వాతే ముట్టుకోవాలి. అదీ రూలే. గురువారం పొద్దున పెర్లిటా ఆ గది తలుపు తీసి, కిటికీలు తెరిచి, బల్ల మీద దుమ్ము తుడిచి, రొట్టెముక్క కాఫీలో ముంచుకుని తిని, పనిలో పడింది.

ప్రతి పుస్తకం చివరి పేజీలోనూ జవాబులుంటాయి. ముందు నువ్వు చెయ్యి, తర్వాత సరిచూసుకో అని పైవాళ్ళ ఉద్దేశం. పిల్లల నిజాయితీ మీద నమ్మకం! నమ్మకం సంగతేమో గానీ, నలభై రెండు ఇళ్ళలో ఆ పేజీ ఒక్కటే నలిగి, మూలలు మడతపడి, కాఫీ మరకలతో తిరిగొస్తుంది. మిగతా పుస్తకం కొత్త పెళ్ళికూతురిలా తళతళలాడుతూ ఉంటుంది.

నలభై మూడో ఇల్లు ఆర్జెలిన్‌ది. ఆ పిల్ల ప్రతి పుస్తకానికీ చివరి పేజీని అన్నం మెతుకులతో అంటించేస్తుంది, కన్ను అటు పోకుండా. మొదటిసారి చూసినప్పుడు పెర్లిటాకి నవ్వొచ్చింది, వెంటనే కళ్ళు చెమర్చాయి. ఆ పిల్ల కాగితాల నిండా కొట్టివేతలు. రబ్బరుతో రుద్ది రుద్ది కాగితం చిరిగితే వెనకనుంచి ఇంకో ముక్క అంటించి మళ్ళీ రాసేది. పదికి ఆరు, పదికి ఏడు. క్లారిస్సాకి పదికి పది.

పెర్లిటా దిద్దే పద్ధతి ఏమిటంటే, జవాబుల పేజీ ఎడమ పక్కన పరుచుకోవడం, కాగితం కుడి పక్కన, సరిపోతే ఎర్ర టిక్కు. సరిపోకపోతే కొట్టివేత ఉండదు, ముద్ర ఉంటుంది. ఆ ముద్ర ఆమె బజారులో చెక్కించుకొచ్చింది. జూన్‌లో టీచర్లందరికీ ఫోన్లో మూడు గంటల తరగతి పెట్టారు. బొమ్మ కదలక, గొంతు తెగిపోతూ, అయినా ఒక్క మాట మాత్రం ఆమె మనసులో దిగింది. ఇంటి దగ్గర ఒంటరిగా కూర్చున్న పిల్లకి 'తప్పు' అని రాయొద్దట. తప్పు అంటే నీ బుర్ర ఇంతే అని వినపడుతుందట. 'ఇంకా రాలేదు' అనాలట. అందుకని ఊదా సిరాతో ముద్ర: ఇంకా రాలేదు. వస్తుంది. మళ్ళీ చేసి పంపు.

మళ్ళీ చేసి పంపినవాళ్ళు ఎవరూ లేరు, ఆర్జెలిన్ తప్ప.

మధ్యాహ్నానికి పాతిక కవర్లు అయ్యాయి. పాతికా పదికి పది. 'నేను నేర్చుకున్నది' అని చివర ఒక గడి ఉంటుంది, పిల్లలు తమ మాటల్లో రాయాలి. పాతిక మందీ చాలా నేర్చుకున్నారు, పాతిక మందికీ సంతోషంగా ఉంది. దస్తూరీ మాత్రం పెళ్ళయి పిల్లలున్న ఆడవాళ్ళది. పెర్లిటా కళ్ళు మండుతున్నాయి. టిక్కు, టిక్కు, టిక్కు. చేతికి అలవాటైపోయిన పని, బుర్రతో అవసరం లేదు.

ఇరవయ్యారోది ఆర్జెలిన్ కవరు. జవాబు కాగితం బయటికి తీసి పెర్లిటా కళ్ళద్దాలు తుడుచుకుంది. తెల్లగా ఉంది కాగితం. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క చిరుగు లేదు. జవాబుల పేజీతో పోల్చింది. ఒకటి సరి. రెండు సరి. అయిదు, ఎనిమిది, పది. అన్నీ సరే!

"అమ్మ నా తల్లే!" అంది పైకే.

పదకొండు నెలల్లో ఆమెకి నిజంగా సంతోషం కలిగిన రోజు అదే. మానేస్తానన్న పిల్ల! వెంటనే ఫోను తీసి, సిగ్నల్ కోసం కిటికీ ఊచల మధ్య చెయ్యి బయటపెట్టి, నిల్దా నంబరుకి మెసేజీ పంపింది. "ఆర్జెలిన్, పదికి పది! కష్టపడితే వస్తుందని చెప్పలేదూ? నిన్ను చూసి గర్వపడుతున్నాను." చివర ఒక నక్షత్రం కూడా పెట్టింది. తన ముద్ర పనిచేసింది. ఎవరికి పనిచెయ్యకపోయినా ఒక్క పిల్లకి పనిచేసింది. అది చాలనుకుంది.

పుస్తకం పక్కన పెట్టబోతుంటే చివరి పేజీ రెపరెపలాడింది.

అంటించి లేదు. అంటించిన గుర్తు ఉంది, ఎండిన మెతుకులు నాలుగు మూలలా ఉన్నాయి. పేజీని ఎవరో జాగ్రత్తగా, నీళ్ళతో తడిపి, చిరగకుండా ఊడదీశారు.

పెర్లిటా పుస్తకం కింద పెట్టింది. కవరు బోర్లించి దులిపింది. అడుగున మడతపెట్టిన ఇంకో కాగితం జారి పడింది. అంతకు ముందు వారం తను దిద్ది పంపినది. ఏడో లెక్క పక్కన తన ఊదా ముద్ర. ఆ లెక్క చిన్నది. ఏడున్నర మీటర్ల తాడుంది, ముప్పావు మీటరు చొప్పున కోస్తే ఎన్ని ముక్కలు వస్తాయి? ఆర్జెలిన్ పది అని రాసింది. తను ముద్ర వేసింది. కాగితం వెనక్కి తిప్పితే అదే లెక్క మళ్ళీ. కింద మళ్ళీ. పక్కన బొమ్మ గీసి మళ్ళీ. మొత్తం ఆరుసార్లు. ఆరుసార్లూ పది. ఆరోది రాసిన చోట కాగితం పలచబడి వెలుతురు కనపడుతోంది.

కొత్త జవాబు కాగితం చివర, 'నేను నేర్చుకున్నది' గడిలో, చిన్న అక్షరాలు ఉన్నాయి. అంతకు ముందు పెర్లిటా అది చదవలేదు. ఎవరివైనా పైపైన చూడటమే కదా.

"ఏడో లెక్క ఆరుసార్లు చేశాను. అమ్మ తాడుతో కూడా కొలిచాను. పదే వచ్చింది. వస్తుందని మీరు రాశారు. రాలేదు మేడమ్. ఇక నాకు రాదు. అందుకని ఈసారి చూసి రాశాను."

పెర్లిటా అలమారు దగ్గరికి వెళ్ళి పాత పుస్తకం వెతికి తీసింది. చివరి పేజీలో ఏడో లెక్కకి అచ్చేసిన జవాబు: అయిదూ, అయిదు బై ఎనిమిది. అవును, దీంతోనే పోల్చింది తను. ఇప్పుడు, మొట్టమొదటిసారిగా, వేళ్ళు మడిచింది. నాలుగు ముక్కలకి మూడు మీటర్లు. ఎనిమిది ముక్కలకి ఆరు. ఇంకా ఒకటిన్నర మిగిలింది, దానికి రెండు ముక్కలు. పది. భాగించాల్సిన చోట ఎవడో గుణించి అచ్చేశాడు. ముక్కలు ఎన్ని అంటే అయిదూ అయిదు బై ఎనిమిది ముక్కలట! తాడు ముఖం చూసినవాడైతే ఆ మాట అంటాడా? నలభై రెండు మంది అమ్మలు ఆ మాటే రాశారు. నలభై రెండు టిక్కులు తను పెట్టింది. ఒక్క పిల్ల తాడు పరిచి కొలిచి సరిగ్గా చెప్తే, దాని నెత్తిన ముద్ర వేసింది.

కొట్టేసినా బాగుండేది. కొట్టేస్తే పిల్ల కోపం తెచ్చుకునేదేమో, ఇదేంటని తల్లినైనా పంపేదేమో. 'వస్తుంది' అని తీయగా రాసింది కాబట్టి నమ్మి ఆరుసార్లు చేసింది. పెర్లిటా కుర్చీలో కూలబడింది.  పంపిన మెసేజీ వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు, తన ఫోను పాతది.

శుక్రవారం పొద్దున హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్ళింది. రెమెడియోస్ ఆమెకి ఇరవై ఏళ్ళుగా పై అధికారి, అంతకంటే ఎక్కువగా అక్క. బల్ల మీద కాగితాల గుట్టల మధ్య గంజన్నం తాగుతోంది.

"రెమీ అక్కా, ఏడో లెక్క జవాబు తప్పు అచ్చయింది," అని రెండు కాగితాలూ ముందు పెట్టింది పెర్లిటా.

రెమెడియోస్ చెంచా పక్కన పెట్టి చూసింది. పెదాలు కదిలాయి, వేళ్ళు మడిచింది. "అవునే, పదే. సరే, ఆ పిల్లకి ఒక మార్కు కలిపెయ్. అయిపోయిందిగా."

"మిగతా నలభై రెండు మందికి తియ్యాలి."

"నీకేమైనా పిచ్చా పెర్లీ? ప్రతిభావంతుల పట్టిక మొన్ననే పైకి పంపాను. ఒక్క మార్కు కోసం నలభై రెండు కవర్లు మళ్ళీ విప్పుతావా? మిసెస్ అబియెరాకి నువ్వు చెప్తావా, నేను చెప్పాలా? ఆవిడ ఊరు పీకి పందిరేస్తుంది."

"ఆవిడకి ఆవిడ మార్కే పోతుంది. క్లారిస్సా ఆ లెక్క చూడనైనా చూడలేదు."

రెమెడియోస్ నవ్వాపుకోలేకపోయింది. తర్వాత నవ్వు తగ్గి, అలసటగా వెనక్కి వాలింది. "ఒసే, నాకు మాత్రం తెలీదా? ఈ యేడు ఎవరు చదివారు, ఎవరు చదివించారు? గట్టెక్కితే చాలు. నువ్వు ఎప్పుడైనా ఒక్క లెక్క చేసి దిద్దావా? నేను దిద్దానా? మనకెక్కడుంది టైము?"

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. రెమెడియోస్ మామూలుగానే అంది, వెక్కిరించడానికి కాదు. పెర్లిటా కాగితాలు తీసుకుంది.

"నేనే విప్పుకుంటాలే అక్కా. నీ గదికి ఎవరైనా అరవడానికొస్తే నా గదికి పంపు."

"అడిగితే వింటావా నువ్వు! వెళ్ళు, వెళ్ళు. ఆ గంజి కాస్త తాగి వెళ్ళు," అంది రెమెడియోస్.

శనివారం అలలు వెనక్కి తగ్గిన వేళకి పెర్లిటా ఒడ్డుకి నడిచింది. సంచిలో రెండు కాగితాలు, పెన్సిలు, ముద్ర, ఊదా సిరా డబ్బా. ముద్ర ఎందుకు పెట్టుకుందో ఆమెకే తెలీదు. పారేద్దామనో ఏమో.

వెదురు గుంజల మీద కట్టిన ఇల్లది. ఇంటి కింద నీడలో చాపేసుకుని తల్లీకూతుళ్ళు నాచు కడుతున్నారు. ఆర్జెలిన్‌కి పదేళ్ళు, ఇంకా చిన్నదిగా కనపడుతుంది. పిడికెడు నాచు తుంచడం, దారప్పోగు చుట్టడం, జానెడు వదిలి ఇంకో పిడికెడు. చేతులు ఆగడం లేదు. టీచరుని చూసి లేచి నిలబడింది గానీ ముఖం ఎత్తలేదు.

నిల్దా కంగారుగా చేతులు తుడుచుకుంది. "అయ్యో, మీరెందుకొచ్చారు మేడమ్ ఇంత ఎండలో! కూర్చోండి. మీ మెసేజీ చదివి వినిపించాను. ఇది వెక్కి వెక్కి ఏడ్చింది. సంతోషంతో అనుకున్నా."

"సంతోషంతో కాదు," అంది పెర్లిటా. చాప మీద కూర్చోడానికి మోకాళ్ళు మొరాయించాయి, గుంజ పట్టుకుని ఎలాగో కూలబడింది. పాత కాగితం తీసి పిల్ల ముందు పరిచింది. "ఆర్జెలిన్, ఇలా చూడమ్మా. ఈ ఏడో లెక్కకి జవాబు పది. నువ్వే కరెక్టు. పుస్తకంలో అచ్చు తప్పు పడింది."

పిల్ల కాగితం వంక చూసింది. తర్వాత టీచరు వంక. సంతోషం ఏమీ కనపడలేదు ఆ ముఖంలో.

"మరి మీరెందుకు ముద్ర వేశారు?"

"పుస్తకంలో వేరేలా ఉంది కాబట్టి."

"మీరు చేశారా మేడమ్ ఆ లెక్క?"

"ఏమే! మేడమ్‌తో అలాగేనా మాట్లాడేది?" నిల్దా కూతురి భుజం మీద చరిచింది.

"ఉండండి," అంది పెర్లిటా.  ఎన్ని సాకులున్నాయో ఆమె దగ్గర! నలభై మూడు కవర్లు, కళ్ళ మంట, నడుం నొప్పి, పైవాళ్ళ అచ్చు. ఒక్కటీ అబద్ధం కాదు. కానీ ఈ పిల్ల తాడు పరిచి ఆరుసార్లు కొలిచింది.

"చెయ్యలేదమ్మా. నేను కూడా చివరి పేజీ చూసి దిద్దాను. ఈ యేడంతా అలాగే దిద్దాను."

నిల్దా చేతిలో నాచు జారి చాప మీద పడింది.  దూరంగా ఎవరో పడవ ఇసకలోకి ఈడుస్తున్న చప్పుడు వినపడింది.

ఆర్జెలిన్ లేచి నిచ్చెన ఎక్కి ఇంట్లోకి వెళ్ళింది. అలిగి వెళ్ళిపోయిందనుకుంది పెర్లిటా. ఏం చెయ్యాలో తోచక చాప అంచు పీకుతూ కూర్చుంది. పిల్ల తిరిగొచ్చింది. ఒక చేతిలో ఈ వారం లెక్కల పుస్తకం, సోమవారం పెర్లిటా ఇచ్చినదే, కట్టు కూడా విప్పలేదు. ఇంకో చేతిలో పొద్దుటి అన్నం నాలుగు మెతుకులు.

చాప మీద కూర్చుని కట్టు విప్పింది. పుస్తకం వెనక్కి తిప్పి, చివరి పేజీ నాలుగు మూలలా మెతుకులు మెదిపి, అరచేత్తో గట్టిగా అదిమి అంటించింది. ఆరేదాకా ఊదింది. తర్వాత పుస్తకాన్ని టీచరు ఒళ్ళో పెట్టింది.

"ఎనిమిదోది చెయ్యండి," అంది.

నిల్దా చాప మీద పడ్డ నాచు పక్కకి జరిపింది.

పెర్లిటా కళ్ళద్దాలు సర్దుకుంది. అయిదుంపావు లీటర్ల నూనె, ఒక్కో సీసాకి లీటరులో ఎనిమిదో వంతులు మూడు. ఎన్ని సీసాలు? ఎంతమందికి నేర్పింది ఈ లెక్క, ఎన్నేళ్ళు! రాసింది. ఇరవై ఒకటి బై నాలుగు. రెండోది తిరగేసి ఎనిమిది బై మూడు. పైన నూట అరవై ఎనిమిది, కింద పన్నెండు. పిల్ల కన్నార్పకుండా పెన్సిలు కొసనే చూస్తోంది. చెమట అద్దాల మీదికి కారింది. పన్నెండో ఎక్కం ఎక్కడో మధ్యలో జారిపోయినట్టుంది, అయినా తెగించి రాసేసింది.

"పదమూడు."

ఆర్జెలిన్ కాగితం తన వైపు తిప్పుకుంది. తాడు కొస అందుకుని వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలెట్టింది. పెదాలు కదులుతున్నాయి. పెన్సిలు తీసుకుని కాగితం అంచున ఏదో రాసి, రుద్ది, మళ్ళీ రాసింది. వారం రోజుల తర్వాత ఆ పిల్ల పెన్సిలు పట్టడం అదే మొదలని నిల్దా తర్వాత చెప్పింది. ఇప్పుడు మాత్రం తల్లి ఊపిరి కూడా పీల్చకుండా చూస్తోంది.

"పదమూడు మూళ్ళు ముప్పై తొమ్మిది," అంది పిల్ల చివరికి. "మొత్తం నూనెలో ఎనిమిదో వంతులు నలభై రెండు ఉన్నాయి. ఇంకో సీసాకి సరిపడా మిగిలిపోయింది మేడమ్."

పెర్లిటా చూసుకుంది. అవును, మిగిలిపోయింది.

ఆర్జెలిన్ చూపు తెరిచి ఉన్న సంచి మీద పడింది. "అది ఇస్తారా?"

పెర్లిటా సంచి జరిపింది. పిల్ల ముద్ర తీసి, ఊదా సిరాలో అద్ది, టీచరు రాసిన పదమూడు పక్కన వంకర పోకుండా నిదానంగా వేసింది. ఇంకా రాలేదు. వస్తుంది. మళ్ళీ చేసి పంపు. వేసి, తలెత్తి, టీచరు ముఖంలోకి చూసింది. అప్పుడు కనపడింది పెర్లిటాకి, ఆ పిల్ల పెదవి చివర ఎక్కడో ఒక నవ్వు, బయటికి రావాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు.

"పంపడం ఎందుకు, ఇక్కడే చేస్తాను," అంది పెర్లిటా. "రబ్బరు ఉందా?"

ఆర్జెలిన్ గౌను జేబులోంచి తీసింది. అరిగి అరిగి శనగగింజంత మిగిలిన రబ్బరు అది. పెర్లిటా దాన్ని బొటనవేలు, చూపుడు వేలి మధ్య జాగ్రత్తగా పట్టుకుని, పదమూడుని చెరపడం మొదలుపెట్టింది.